క్రిస్మస్ యానిమేషన్ టీవీ చిత్రాలు

ఏటా డిసెంబరులో ఒకసారి ప్రసారం చేయడానికి అమెరికా టీవీ సంస్థలు 1960లలో తీయించిన చిన్న కార్టూన్ చిత్రాలివి. డికెన్స్ కథ ఆధారంగా 1962 డిసెంబరు 18న ఎన్‌బీసీలో వచ్చిన ‘మిస్టర్ మగూస్ క్రిస్మస్ కారల్’ వీటికి దారి వేసింది. టీవీ కోసమే తయారైన తొలి క్రిస్మస్ కార్టూన్‌గా సాధారణంగా దాన్నే లెక్కిస్తారు. అయితే జనం గుండెల్లో నిలిచిపోయినవి దాని తర్వాత వచ్చాయి.

1964 డిసెంబరు 6న ఎన్‌బీసీలో ప్రసారమైన ‘రుడాల్ఫ్ ద రెడ్ నోజ్డ్ రైన్‌డీర్’ మూలం ఒక వ్యాపార ప్రకటన. మాంట్‌గొమరీ వార్డ్ అనే దుకాణాల సంస్థ పిల్లలకు ఉచితంగా పంచేందుకు 1939లో తన ఉద్యోగి రాబర్ట్ మే చేత ఎర్రముక్కు దుప్పి కథ రాయించింది. ఆయన సోదరి భర్త జానీ మార్క్స్ దాన్ని పాటగా మలిచాడు. 1949లో జీన్ ఆట్రీ గొంతులో ఆ పాట దేశమంతా మారుమోగింది. టీవీ చిత్రాన్ని నిర్మించింది న్యూయార్క్‌కు చెందిన ఆర్థర్ ర్యాంకిన్, జూల్స్ బాస్. ఖర్చు భరించింది జనరల్ ఎలక్ట్రిక్. బొమ్మలను కదిలించిన పని మాత్రం టోక్యోలో, తదాహితో మోచినాగా స్టూడియోలో జరిగింది. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం: సినిమా అంతా ఇదే వరస. ఈ చేతిపని ఆనవాళ్లు తెరమీద దాగవు. కాపీరైటు సంవత్సరాన్ని రోమన్ అంకెల్లో వేస్తూ 1964కు బదులు 1164 అని వేశారు కూడా. మొదటి ప్రసారంలో ఎవరికీ అక్కర్లేని వింత బొమ్మలను ఓ దీవిలో అలాగే వదిలేశారని ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు. మరుసటి ఏడాది శాంటా వెళ్లి వాటిని తెచ్చే దృశ్యం కలిపారు. ప్రేక్షకులు తమదిగా భావించిన కథకే ఇలాంటి ఉత్తరాలు వస్తాయి.

‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ (1965 డిసెంబరు 9, సీబీఎస్) అన్నిటికన్నా విచిత్రమైంది. కోకాకోలా అడిగింది, నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్, వ్యంగ్యచిత్రకారుడు చార్ల్స్ షుల్జ్ కొద్ది నెలల్లో ముగించారు. పిల్లల పాత్రలకు పిల్లల చేతే మాట్లాడించారు. రికార్డు చేసిన నవ్వులు పెట్టలేదు. విన్స్ గరాల్డీ జాజ్ బాణీలు కట్టాడు. లూకా సువార్తలోని క్రీస్తు జనన ఘట్టాన్ని ఓ బుడతడు వేదికమీద నిలబడి చెబుతాడు. నడక నెమ్మదిగా ఉందని, ఆడదని చానెల్ పెద్దలు పెదవి విరిచారు. ఆ రాత్రి టీవీ చూస్తున్న అమెరికన్లలో దాదాపు సగం మంది దాన్నే చూశారు. ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ వచ్చాయి. పండగ వచ్చినా సంతోషం రాని పిల్లవాడి కథ అది. పండగ కార్యక్రమం ఇలా మొదలుకావడం నేటికీ సాహసమే.

చక్ జోన్స్ తీసిన ‘హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్’కు (1966) బలం బోరిస్ కార్లాఫ్ గొంతు. ‘ఫ్రాస్టీ ద స్నోమన్’ (1969) యానిమేషన్ కూడా జపాన్‌లోనే, ఒసాము తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్‌లో సాగింది. కథగా తక్కిన వాటంత బరువు దానికి లేదు. బ్రిటన్‌లో చానెల్ 4 తన మొదటి క్రిస్మస్‌కే, 1982లో, ‘ద స్నోమన్’ ప్రసారం చేసింది. అందులో సంభాషణలే ఉండవు.

ఆదరణకు అసలు కారణం సాంకేతిక నైపుణ్యం కాదు. వీడియో క్యాసెట్లు రాకముందు ఆ ఒక్క రాత్రి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే ఇల్లంతా టీవీ ముందు చేరేది. రెండో కారణం, కథానాయకులంతా ఒంటరివాళ్లే కావడం. దుప్పిని తోటివాళ్లు వెలివేస్తారు, చార్లీని ఎగతాళి చేస్తారు, గ్రించ్ కొండమీద ఒక్కడే ఉంటాడు.

తెలుగునాట ఈ స్థానం కార్టూన్‌ది కాదు, 1978 డిసెంబరులో విడుదలైన ‘కరుణామయుడు’ది. విజయచందర్ క్రీస్తుగా నటించిన ఆ సినిమాను ఊరూరా తెర కట్టి ఏళ్ల తరబడి వేశారు. అమెరికా కథకు టోక్యోలో బొమ్మ కదిలించే పద్ధతి మాత్రం తర్వాత హైదరాబాదుకూ చేరింది. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వంటి స్టూడియోలు విదేశీ కార్టూన్ల పనితోనే పెరిగాయి.

ఇక గల్ఫ్‌కు వలస వెళ్లినవాళ్ల సంగతి వేరు. దోహాలో ప్రవాసులు కిక్కిరిసి ఉండే ఉమ్ ఘువైలినా వంటి పేటల్లో డిసెంబరు 25 మామూలు పనిదినం. ఖతార్‌లో దానికి ప్రభుత్వ సెలవు లేదు. చర్చిలన్నీ నగరం అంచున మెసైమీర్ ప్రాంగణంలో ఉన్నాయి. గల్ఫ్ చానెళ్లలో పండగ కార్టూన్ల కాలం రంజాన్ నెల. 2006 రంజాన్‌లో మొదలైన దుబాయ్ ధారావాహిక ‘ఫ్రీజ్’, నలుగురు ముసలమ్మల కథతో, అక్కడ ఇలాంటి ఆదరణే పొందింది. వలస వచ్చిన ఇంట్లో క్రిస్మస్ కార్టూన్ చూడాలంటే ఫోనో, ఓటీటీయో దిక్కు.

ఓటీటీ అమెరికాలోనూ గొడవ తెచ్చింది. 2020లో చార్లీ బ్రౌన్ హక్కులు యాపిల్ టీవీ ప్లస్‌కు వెళ్లాయి. మామూలు టీవీలో రాదని తెలిసి జనం నిరసన తెలిపారు. దాంతో ఆ ఏడాది, మరుసటి ఏడాది పీబీఎస్‌లో కూడా వేయాల్సి వచ్చింది. రుడాల్ఫ్ 1972 నుంచి సీబీఎస్‌లోనే ఉండి, 2024లో తిరిగి ఎన్‌బీసీకి చేరింది. ఆ చిత్రంలోని రుడాల్ఫ్, శాంటా బొమ్మలు 2020 వేలంలో 3,68,000 డాలర్లు పలికాయి. ప్రస్తుతం అవి అట్లాంటాలోని సెంటర్ ఫర్ పప్పెట్రీ ఆర్ట్స్‌కు చెందినవి.