మిగిలిన దారం: కొల్లేటి పల్లెల్లో పొత్తిగుడ్డల చరిత్ర

ప్రతి డిసెంబరులోనూ ఆకివీడు చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపేటల్లో చర్చి మైకులోంచి ఒక మాట వినబడుతుంది. పొత్తిగుడ్డలు. లూకా సువార్తలో బాలయేసుకి చుట్టిన గుడ్డలవి. ఇది బైబిలు తెచ్చిపెట్టిన మాట కాదు, పాత తెలుగు మాటే. మా అమ్మమ్మ క్రిస్మస్‌తో పనిలేకుండా ఏడాది పొడుగునా వాడేది. పల్లెలో ఎవరికి నెలలు నిండినా "పొత్తిగుడ్డలు చూసుకున్నారా?" అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. పాత చీర ముక్కలు, ఒక బొంత, ఉయ్యాలకి ఒక చీర, తెల్లదారంతో అల్లిన ఒక టోపీ. ఇవన్నీ ఆడవాళ్ళు ఇంట్లో చేసుకునేవి, ఒకరికొకరు ఇచ్చుకునేవి. వీటికి చరిత్ర ఉందని ఎవరూ అనలేదు. మేమూ అనుకోలేదు. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కింది మేమే మొదలు. అక్కడ మా జిల్లా గురించి రాసిన పుస్తకాల్లో ఆనకట్ట, కాలవలు, శిస్తు, స్వాతంత్ర్యోద్యమం అన్నీ కనబడ్డాయి. ఈ ఆడవాళ్ళు మాత్రం కనబడలేదు. అప్పుడు గానీ ఆ టోపీ వైపు చూడలేదు.

తెలుగునాట చాలా కులాల్లో పుట్టిన బిడ్డకి వెంటనే కొత్తబట్ట వెయ్యరు. పురుడు వెళ్ళేదాకా పాత మెత్తని గుడ్డే. దాన్ని ఆచారమంటారు. మా ఇళ్ళల్లో ఆచారమెక్కడ ఆగిందో, లేమి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పురుడు వెళ్ళాక కూడా పాతగుడ్డే మరి. ఊరి చాకలి మా పేటకి రాడు గనక పురిటి గుడ్డలు మా వాళ్ళే కాలవలో ఉతుక్కునేవారు. అదే సమయంలో ఊళ్ళో ఆసాముల ఇళ్ళ కాన్పులకి మంత్రసానులుగా మా ఆడవాళ్ళు వెళ్ళేవారు. బొడ్డు కోసేదాకా ఆ చెయ్యి కావాలి. స్నానాలయ్యాక అదే చెయ్యి తగలకూడదు.

బొంత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొల్లేటి గట్టున నేలంతా చెమ్మ. నేల మీద తుంగచాప, చాప మీద బొంత, బొంత మీద బిడ్డ. నాలుగైదు పొరల పాత చీరలు పరిచి, అంచుల దగ్గర మొదలుపెట్టి లోపలికి వరసలు వరసలుగా దూరకుట్టు వేసుకుంటూ పోవాలి. దారం కొనేవారు కాదు, చిరిగిన చీర అంచులోంచి లాగేవారు. ఆ పాత చీరలు ఎక్కడివి? కొన్ని ఇంటివి. కొన్ని ఆసామి గారి ఇంటివి. పండక్కో, ఊడ్పులయ్యాకో కూలీగింజలతో పాటు పడేసిన చీరలు. కూలిలో భాగాన్నే దయగా చూపించే పద్ధతి అది. మా అమ్మమ్మకి ఒక నియమం ఉండేది. ఆసామి ఇంటి చీర ఎంత బావున్నా లోపలి పొరల్లోకే పోవాలి. పైపొర మాత్రం మన ఇంటి ఆడమనిషి కట్టి విడిచిన చీరే ఉండాలి, ఎంత వెలిసిపోయినా సరే. "బిడ్డ ఒంటికి తగిలేది మనదే అవ్వాలి" అనేది. ఆత్మగౌరవం అనే మాట మేము సభల్లో విన్నాం, పుస్తకాల్లో చదివాం. ఆ మాట ఎరగని మనిషి దాన్ని బొంతలో పైపొరగా వేసి కుట్టిందని తర్వాత అర్థమైంది.

ఇక్కడ ఒక పాత కథని పక్కన పెట్టాలి. మా ఆడవాళ్ళకి సూదీ దారం పట్టడం దొరసానులే నేర్పారన్న కథ. మిషను రాతలు అలా చెబితే ఆశ్చర్యం లేదు. మన విద్యావంతులూ అదే చెబుతారు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాల్లోనే మాలలు ముతకబట్ట నేసేవారని ఉంది. మాల ఇంట మగ్గం ఉండేది. మాదిగ ఇంట ఆరె ఉండేది, తోలుకి కుట్టు వేసే చెయ్యి ఉండేది. మిల్లుబట్ట వచ్చి మాల మగ్గాన్ని మూలకి నెట్టింది. దొరసాని వచ్చేనాటికి మా చేతుల్లో పని ఉంది, ఆ పనికి గిరాకీ పోయింది, అంతే. ఆవిడ నేర్పింది కొత్త అల్లిక. ఆ అల్లిక గొప్పదే. అయితే చేతులకి పనితనం అక్కడ పుట్టలేదు.

ఆ అల్లికే లేసు. దాని ఊరు నర్సాపురం. ఆకివీడులో రైలెక్కితే భీమవరం మీదుగా ఆ లైను చివర దిగేది అక్కడే. ఇంగ్లండు నుంచి 1836లో బయల్దేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషను నడిపారు. లేసు కథ చెప్పేవాళ్ళు 1844 దగ్గర మొదలుపెడతారు. స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలకి ఈ పని నేర్పారని చెబుతారు. ఆ స్త్రీలు ఎవరు? మాలలు, మాదిగలు. ఈ మాట వ్యాపార కరపత్రాల్లో ఉండదు. "పేద స్త్రీలు" అనేసి ఊరుకుంటారు. నేర్పినవాళ్ళ ఇంటిపేరు మిగిలింది, నేర్చుకున్నవాళ్ళ కులం పేరు కూడా మిగల్లేదు.

తయారైన లేసుని మిషనరీలు మొదట్లో స్వదేశంలో బంధుమిత్రులకి కానుకలుగా పంపేవారు. వచ్చిన డబ్బు మిషను పనికి పోయేది. అంటే డెల్టాలోని ఈ పెద్ద పరిశ్రమ కానుకగానే మొదలైంది. మాల స్త్రీ వేళ్ళు అల్లినది ఎవరో దొరసాని పేరు మీద ఎవరికో కానుక అయ్యింది. కానుకకి కూలి అడగరు కదా. తర్వాత అది ఎగుమతి వ్యాపారమయ్యాక కూడా ఆ మొదటి లెక్క మారలేదని మా అభిప్రాయం.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నర్సాపురం ప్రాంతంలో తిరిగి రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో లండన్‌లో అచ్చయ్యింది. లక్షకి పైగా స్త్రీలు ఇళ్ళల్లో కూర్చుని అల్లుతున్నారనీ, ఇంటి చాకిరీ పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి కూడా దక్కడం లేదనీ ఆమె చూపించింది. పొలం కూలి అంతకంటే నయం. అయినా జనాభా లెక్కల్లో వీళ్ళు శ్రామికులు కారు, గృహిణులు. చేసేది తీరిక వేళ పని. పూలు, ముక్కలు అల్లేది ఒకరు, దాన్ని చేతిపని అంటారు. వాటిని కలిపేది ఇంకొకరు, అది అతుకుపని. మధ్యలో ఏజెంటు, పైన ఎగుమతిదారు. తన చేతిలో పువ్వు చివరికి ఏ బల్లగుడ్డ అవుతుందో అల్లినామెకి తెలియదు.

మీస్ పుస్తకానికి మేము రుణపడి ఉన్నాం. ఒక్క తేడా చెప్పాలి. లేసు తర్వాత్తర్వాత కాపు స్త్రీలకి పాకింది. వాళ్ళకి అది గోషా గౌరవంతో ముడిపడిన పని. పొలంలో దిగక్కర్లేకుండా ఇంట్లో కూర్చుని చేసేది. మా ఆడవాళ్ళని గృహిణులుగా ఎవరు ఉండనిచ్చారు? పగలు ఊడ్పో కలుపో కోతో, రాత్రి బుడ్డిదీపం ముందు లేసు. ఒకే సూది, ఒకే దారం. ఒక ఇంట అది పరువు, ఇంకో ఇంట రెండో కూలి. స్త్రీలందరి శ్రమా ఒకటే అనే వాదం ఈ సూది దగ్గర కొంచెం తడబడుతుంది.

మా అమ్మమ్మ పాలకొల్లు వైపు నుంచి ఆకివీడు దగ్గరి పల్లెకి కోడలుగా వస్తూ ఆ సూది తెచ్చుకుంది. మా వైపు ఏజెంట్లు రారు. పుట్టింటి వాళ్ళ ద్వారానే దారం వచ్చేది, లేసు వెళ్ళేది. ఎప్పుడడిగినా "పనేంటే అదీ, ఊరికే కూచుని అల్లుకోటమే" అనేది. జనాభా లెక్కల అధికారి మాటే ఆవిడ నోట! కానీ చూపు ఎందుకు తగ్గింది అంటే మాత్రం "దీపం ముందు అల్లీ అల్లీ" అనేది.

ఏజెంటు దారం తూకం వేసి ఇస్తాడు, లేసు తూకం వేసి తీసుకుంటాడు. తగ్గితే కూలిలో కోత. మరి టోపీకి దారం ఎక్కణ్ణించి వచ్చింది? తరుగు కింద ఒప్పుకునే పిసరు ఉంటుంది. అందులోంచి మూర, రెండు మూరలు మిగల్చాలి. అల్లిక వదులు చేస్తే ముక్క వెనక్కి వస్తుంది. ముడులు తక్కువ పడాలి, అతుకు దగ్గర తోకలు పొట్టిగా కత్తిరించాలి, తప్పు అల్లి విప్పకూడదు. అంటే బాగా వచ్చినవాళ్ళకే దారం మిగులుతుంది. అలా మిగిలినవి ముడేసి ఉండ చుట్టి, పాత పౌడరు డబ్బాలో వేసేది. డబ్బా నిండితే ఒక టోపీ. నడినెత్తి దగ్గర చిన్న గొలుసు గుండ్రంగా కలిపి, వరస వరసకీ పెంచుకుంటూ వచ్చి, చాలనుకున్నాక పెంచడం ఆపి నిలువుగా దింపాలి. కొలతకి టేపు లేదు, తన మోకాలిచిప్ప మీద పెట్టి చూసేది. ఇంగ్లండు బల్ల మీదికి పోయే గవ్వల అంచే టోపీ చివరా వేసేది. దానికి కూలి లేదు, తూకం లేదు, పేరు పెట్టి ఇచ్చేది: ఇది ఫలానా దాని కొడుక్కి, ఇది నా మనవరాలికి. ఆ అల్లికని మొదటి పువ్వు నుంచి చివరి అంచు దాకా ఆవిడ తనే పూర్తి చేసేది ఈ ఒక్క వస్తువులోనే.

ఎదురు దారిలో వచ్చిన కానుకలూ ఉన్నాయి. ఆకివీడు కెనడా బాప్టిస్టు మిషను కేంద్రం. వాళ్ళ కాగితాల్లో ఊరి పేరు 'అకీడు'. 1880ల నుంచి ఇక్కడ పనిచేసిన జాన్ క్రెయిగ్ 1908లో తెలుగువాళ్ళ మధ్య తమ మిషను నలభయ్యేళ్ళ గురించి పుస్తకం వేశాడు. తర్వాత డాక్టర్ పెర్ల్ చూట్ ఇక్కడ వైద్యం చేసింది. కెనడాలో ఒంటారియో, క్విబెక్ బాప్టిస్టు స్త్రీలు 1876లో మిషను సంఘం పెట్టుకుని, 1878 నుంచి 'కెనడియన్ మిషనరీ లింక్' పత్రిక నడిపారు. అలాంటి సంఘాల ఆడవాళ్ళు మంచుకాలంలో కూర్చుని కుట్టినవీ అల్లినవీ పెట్టెల్లో సర్ది మిషన్లకి పంపేవారు. కట్టుగుడ్డలు, దుప్పట్లు, బొమ్మలు, పసిపిల్లల చొక్కాలు. కొల్లేటి ఎండకి ఉన్ని చొక్కా ఎందుకని నవ్వొచ్చు. మా పల్లెలో ఒక చొక్కా ధనుర్మాసం చలికి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఎంతమంది పిల్లల్ని కాచిందో చెప్పుకునేవారు. మాకు అభ్యంతరం ఆ చొక్కా మీద కాదు. కెనడాలో అల్లిన స్త్రీ కానుక సంఘం పద్దుల్లోకి, పత్రికలోకి ఎక్కింది. ఆ చొక్కా అందుకున్న బిడ్డకి అమ్మమ్మ అల్లిన టోపీ ఏ పద్దులోకీ ఎక్కలేదు.

పద్దుల మాట వచ్చింది గనక ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులు షెడ్యూల్డు కులాల జాబితాకి బయట పడ్డారు. మన రాష్ట్రంలో వాళ్ళు బి.సి. 'సి'. ఊరి కళ్ళకి మాల, కాగితం మీద బి.సి., జనాభా లెక్కల్లో గృహిణి. ఒక మనిషిని మూడు చోట్ల మూడు రకాలుగా రాశారు, లేసు పనిమనిషి అని ఒక్క చోటా రాయలేదు.

1980ల తర్వాత కొల్లేటి చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. చెరువుకి ఊడ్పు అక్కర్లేదు, కలుపు అక్కర్లేదు. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేసింది గానీ బయటి చేలు మళ్ళీ చేలు కాలేదు. పొలం పని తగ్గాక మా అమ్మ సూది గట్టిగా పట్టింది. మా హైస్కూలు పుస్తకాలు ఆ డబ్బుతో వచ్చినవే. సరిగ్గా ఆ రోజుల్లోనే చైనా మిషను లేసు చవగ్గా దిగి రేటు ఇంకా పడింది. 2024 మార్చిలో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, సంతోషం. పత్రికల్లో మెక్‌రే దంపతుల పేరు మళ్ళీ వచ్చింది. మాల, మాదిగ అన్న మాటలు మేము చదివిన వార్తల్లో కనబడలేదు.

అందుకని మేము పల్లెల్లో ట్రంకుపెట్టెలు తెరిపించి చూడటం మొదలుపెట్టాం. పెద్దవాళ్ళు ముందు నవ్వుతారు, "ఈ పాతగుడ్డలకేనా నీ చదువు" అంటారు. తర్వాత వాళ్ళే ఒక్కొక్కటీ తీసి ఎవరిదో, ఎప్పటిదో చెబుతారు. టోపీల మీద అల్లినవాళ్ళ పేరు ఉండదు గానీ చూడటం తెలిస్తే కొన్ని సంగతులు దొరుకుతాయి. మా అమ్మమ్మ మాకు అల్లిన టోపీలో నడినెత్తి నుంచి తొమ్మిది వరసలు తెలుపు. పదో వరస నుంచి లేత గోధుమరంగు. ఇన్నాళ్ళూ అది మాసిపోయిందనే అనుకున్నాం. తిరగేసి చూస్తే పదో వరస మొదట్లో ఒక ముడి ఉంది, తోక చాలా పొట్టిగా కత్తిరించి ఉంది. తెల్లదారం ఆర్డరు అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆర్డరు గోధుమరంగుది. ఆ రెండిటి మధ్య ఎన్నాళ్ళు ఆగిందని అడిగితే అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, "నువ్వు పుట్టేసరికి అంచు ఒక్కటే మిగిలింది" అంది.