చెరసాలలో కుట్టిన బొంతలు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను సేనల వశమైంది. కొన్ని వారాల్లోనే అక్కడి పాశ్చాత్య దేశాల పౌరులను చాంగీ జైలుకు నడిపించుకుపోయారు. సుమారు 600 మంది ఖైదీల కోసం కట్టిన ఆ జైల్లో వేలమందిని కుక్కారు. మగవాళ్లు ఒక భాగంలో, ఆడవాళ్లూ పిల్లలూ మరో భాగంలో. సైనికులైన భర్తలు వేరే శిబిరాల్లో యుద్ధఖైదీలు. ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు.

ఆ జైల్లో సూది ముందుగా పట్టింది ఆడపిల్లలు. 8 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లతో తోటి ఖైదీ ఎలిజబెత్ ఎన్నిస్ గర్ల్ గైడ్స్ దళం నడిపేది. ఆమె పుట్టినరోజు కానుకగా ఆ పిల్లలు చిరుగు బట్టల పేలికలను ఆరు కోణాల ముక్కలుగా కత్తిరించి, గుట్టుగా బొంత కుట్టసాగారు.

దాని ప్రేరణతో కెనడాకు చెందిన ఎథెల్ మల్వనీ పెద్దవాళ్లను కూడగట్టింది. ఒక్కొక్కరికీ ఆరంగుళాల చదరపు గుడ్డ ఇచ్చి, తమకు తోచింది కుట్టి పేరు వేయమంది. కొందరు పూలు కుట్టారు, కొందరు సొంతూరి గుర్తులు. ఇంకొందరు జైలు గదినే బొమ్మకట్టి వెక్కిరించారు. అలా 66 ముక్కల చొప్పున మూడు బొంతలు తయారయ్యాయి. ఒకటి బ్రిటిష్ క్షతగాత్రులకు, ఒకటి ఆస్ట్రేలియన్లకు. మూడోది గాయపడ్డ జపాను సైనికులకు. ఇందులో జాలితోపాటు లౌక్యమూ ఉంది: శత్రువుకూ ఒకటి ఇస్తే, మిగతా రెండూ యుద్ధఖైదీల ఆసుపత్రికి చేరడానికి జైలు అధికారి అడ్డు చెప్పడని ఆశ. ఆ ఎత్తు పారింది.

బొంత మీద భార్య పేరు చూసినవాడికి ఆమె బతికే ఉందని తెలిసింది. ఉత్తరం చేయలేని పని సూదీదారం చేశాయి. కుట్టినవాళ్లకూ మేలు జరిగింది. ఆకలి, విసుగు, భయం తప్ప మరేమీ లేని రోజుల్లో చేతికి పని, పక్కన కూర్చుని మాట్లాడే తోడు దొరికాయి.

ఆస్ట్రేలియన్, జపాను బొంతలు నేడు కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో, బ్రిటిష్ బొంత బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర, పిల్లలు కుట్టినది లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. పేరు వేయడం వల్లే ఆ కుట్టు ఎవరిదో ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. పాత చీరలతో మన అమ్మమ్మలు కుట్టిన బొంతలకు ఆ భాగ్యం లేదు. మీ ఇంట్లో అలాంటిది ఒక్కటున్నా, ఓ మూల ఆవిడ పేరు, ఊరు కుట్టి ఉంచండి.