తాత పేరు మనవడికి

పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఇళ్లు తెలుగునాట ఇంకా ఉన్నాయి. ఈ ఆచారం ఈనాటిది కాదు. బిడ్డ పేరులో పూర్వుల మూడు తరాల గుర్తు నిలవాలన్న నియమాన్ని క్రీస్తుకు పూర్వమే పతంజలి తన మహాభాష్యంలో ప్రస్తావించాడు.

మన నేల మీద దీనికి చక్కటి సాక్ష్యం నాగార్జునకొండ శాసనాల్లో దొరుకుతుంది. మూడో శతాబ్దంలో అక్కడి విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల్లో మొదటివాడు చాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల చాంతమూలుడు, మునిమనవడు రుద్రపురుషదత్తుడు. ఒక తరం విడిచి ఒక తరం పేరు తిరిగివచ్చింది. ఆడవాళ్లలోనూ పేరు తిరిగింది: మొదటి చాంతమూలుని చెల్లెలు చాంతసిరి, కూతురు అడవి చాంతిసిరి. చిక్కేమిటంటే తల్లిని బట్టి వచ్చే పేరులోనూ తాతా మనవడూ ఇద్దరూ వాసిష్ఠీపుత్రులే. 'ఎహువుల' అన్న మాట ముందు లేకపోతే శాసనం ఎవరిదో పోల్చుకోవడం కష్టమయ్యేది.

పేర్ల వరస చరిత్రకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకు వచ్చింది కాకతీయుల విషయంలోనే అనిపిస్తుంది. గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన బయ్యారం చెరువు శాసనం వాళ్ల పూర్వులను వరసగా చెబుతుంది: వెన్నడు, ముగ్గురు గుండనలు, ఎర్రన, పిండిగుండన, బేతరాజు. అంతకు దాదాపు రెండున్నర శతాబ్దాల ముందు, 956లో, తూర్పు చాళుక్య దానార్ణవుడు ఇచ్చిన మాగల్లు తామ్రశాసనంలో కాకర్త్య గుండ్యన కనిపిస్తాడు. అతని తండ్రి బేతియ, తాత ఎరియ, ముత్తాత గుండియ. గుండన, ఎర్రన, మళ్లీ గుండన అన్న వరస రెండింటిలోనూ ఉండటం వల్ల ఈ రెండు శాసనాలూ చెప్పేది ఒకే ఇంటి గురించేనని చరిత్రకారులు జతచేయగలిగారు.

బయ్యారం శాసనం బేతియను వదిలేసింది. కానీ పిండిగుండన, అంటే ఈ గుండ్యన, కొడుక్కి బేతరాజు అన్న పేరెందుకు వచ్చిందో ఆలోచిస్తే తాత బేతియే గుర్తుకు వస్తాడు. శాసనం మరిచిన మనిషిని మనవడి పేరు దాచిపెట్టిందన్నమాట. ఆ తరవాత బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు అని నాలుగు తరాలు నడిచాయి.

తాత అంటే తండ్రి తండ్రే కానక్కర్లేదు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు చాళుక్యుడు. తల్లి కుందవ్వ రాజరాజ చోళుని కూతురు. పేరు తల్లి తండ్రిదే. అతని భార్య అమ్మంగ రాజేంద్ర చోళుని కూతురు, వాళ్ల కొడుకు రాజేంద్రుడు. ఈ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. రెండు తరాలు వరసగా మాతామహుని పేరు పెట్టడంలో చోళులతో వియ్యం ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

ఒకే పేరు తిరగడంతో వచ్చే తికమకకు రెడ్డిరాజుల కాలంలో ఒక తేలిక మార్గం కనిపిస్తుంది. తండ్రి పేరు ముందు చేర్చారు: ప్రోలయ వేముడు, కాటయ వేముడు.

మామూలు ఇళ్లలో పూర్వుల పేర్లను నిలిపే పని తద్దినం చేసింది. గోత్రంతోపాటు మూడు తరాల పేర్లు ఏటేటా పలకాలి కాబట్టి అక్షరం రాని ఇంట్లోనూ అవి నోటికి నిలిచాయి. మామగారి పేరు పలకకూడదు గనక కోడలు కొడుకుని 'తాతయ్యా', 'బాబూ' అని పిలిచేది. అసలు పేరు పెళ్లి శుభలేఖలోనో, భూమి పత్రాల్లోనో మాత్రమే కనిపించేది. ఇప్పుడు జన్మనక్షత్రం అక్షరాన్నీ, సంఖ్యాశాస్త్రాన్నీ చూసి కొత్త పేర్లు వెతుకుతున్నారు. అది తప్పనడం లేదు గానీ, ఆ పేరును పట్టుకుని తాత దగ్గరికి పోవడం ఇక కుదరదు.

వంశవృక్షం గీయబోయేవారికి ఒక మాట. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకయ్యలు ఉండవచ్చు. ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, భార్య పేరు, ఆమె పుట్టింటి పేరు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి, ముఖ్యంగా అమ్మమ్మలనూ నాయనమ్మలనూ.