నంబరు ప్యాడ్ లేని కీబోర్డు: కరణం లెక్కల నుండి ఇన్‌స్క్రిప్ట్ దాకా – గుమ్మఘట్ట నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చిన్న కీబోర్డు కొనదలచినవారికి తరచుగా వినబడే వాదన ఒకటుంది. కుడిచివరన ఉండే నంబరు ప్యాడ్ కేవలం పునరుక్తి. అందులోని అంకెలన్నీ పై వరుసలో ఎలాగూ ఉన్నవే. కాబట్టి దాన్ని తీసివేసినా పోయేదేమీ లేదు. ఇంగ్లీషు మాత్రమే రాసేవారి విషయంలో ఈ వాదన చాలవరకు నిజం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు రాసేవారికి మాత్రం ఇది పూర్తిగా వర్తించదు. వారికి నంబరు ప్యాడ్ మీద మాత్రమే సులువుగా దొరికే గుర్తులు కొన్ని ఉన్నాయి. అంతకంటే చిన్న కీబోర్డులకు దిగితే తెలుగు అక్షరమే ఒకటి చాటుకు పోతుంది. ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడిందో తెలియాలంటే అక్షరాలు రాసే యంత్రం, అంకెలు కూడే యంత్రం ఎప్పుడు ఒకటయ్యాయో, గ్రామ లెక్కలు వాటిలోకి ఏ రూపంలో చేరాయో చూడవలసి ఉంటుంది.

గుమ్మఘట్ట: లెక్క తప్పకూడని చోటు

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దు దాపున గుమ్మఘట్ట మండలం ఉంది. వేదవతి (హగరి) నదిపై నిర్మించిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనిదే. అయినా ఇక్కడి సేద్యం ప్రధానంగా వర్షాధారం, మెట్టలో వేరుశనగ. ఇటువంటి సీమలో పెట్టుబడి రాయితీ, పంటల బీమా, ఉపాధి పనిదినాలు అన్నీ కాగితం మీది అంకెలను అనుసరించి వచ్చేవే. కరువు ఏడాది రైతుకు చేనులో పంట ఎంత ముఖ్యమో, అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉండడం అంత ముఖ్యం.

ఆ సర్వే నంబర్ల చరిత్ర పాతది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి వదులుకున్న తరువాత థామస్ మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేశాడు. పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతి ఇక్కడ అతని కాలంలోనే వేళ్ళూనుకుంది. పొలాన్ని అంకెతో గుర్తించే ఆ లెక్కను ఊరిలో రాసింది కరణం. అతని కలానికి అక్షరం, అంకె వేర్వేరు పనులు కావు. రైతు పేరు, చేని పేరు, విస్తీర్ణం, శిస్తు ఒకే వరుసలో ఒకే చేతితో సాగేవి.

పైగా ఆ అంకెలు నేటి పది అంకెలు మాత్రమే కావు. వీసం, కాలు, అర, ముక్కాలు అంటూ నాలుగింటితో భాగించుకుంటూ పోయే భిన్నాలకు తెలుగులో ప్రత్యేకమైన గుర్తులుండేవి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పది మీటలు, ఒక దశాంశ బిందువు ఉన్న యంత్రంలో ఇవి సులువుగా ఒదిగేవి కావు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు అమలులోకి రావడంతో డబ్బు లెక్క దశాంశంలోకి మారింది. పాత భిన్న చిహ్నాలకు యూనికోడ్ 2008లో (5.1 సంచికలో) స్థానం కల్పించింది గానీ, మీటల మీద ముద్రించిన గుర్తుల్లో వాటికి చోటు లేదు. అవి వాడుక తప్పిన తరువాత కోడ్‌లోకి చేరాయి. గ్రామ లెక్క నంబరు ప్యాడ్‌లో పట్టిందంటే అందుకు మొదటి కారణం యంత్రం కాదు, కొలమానం మారడం.

రెండు యంత్రాలు, ఒక పలక

1874లో రెమింగ్టన్ సంస్థ విపణిలోకి తెచ్చిన షోల్స్–గ్లిడెన్ టైపురైటర్‌పై 1, 0 అంకెలకు మీటలే లేవు. వాటి బదులు ఇంగ్లీషు ఐ, ఓ అక్షరాలు కొట్టుకోవలసి వచ్చేది. ఆ యంత్రం ఉత్తరాలకోసం పుట్టింది. అంకె దానికి అతిథి. కూడికల యంత్రం వేరే వంశం. అమెరికాలోని రాక్‌ఫర్డ్‌లో సండ్‌స్ట్రాండ్ సోదరులు 1914 ప్రాంతంలో తెచ్చిన యంత్రంలో 7, 8, 9 పై వరుసలోను, 1, 2, 3 కింది వరుసలోను, వాటి దిగువన సున్నా ఉండేవి. చూపు కాగితం మీద నిలిపి ఒక్క చేత్తో కొట్టగల ఆ అమరికే నేటి నంబరు ప్యాడ్. (టెలిఫోన్ మీటలు దీనికి తలకిందులు, రెండూ వాడే గుమాస్తా చేతికి ఆ ఇబ్బంది నేటికీ తప్పలేదు.)

1981లో ఐబీఎం తన పీసీతో పాటు ఇచ్చిన 83 మీటల కీబోర్డులో ఈ రెండు వంశాలు పక్కపక్కన చేరాయి. ఆ దశాబ్ది నడుమ వచ్చిన 101 మీటల అమరికలో బాణం గుర్తులు వేరుపడి, నంబరు ప్యాడ్ 17 మీటలతో తనదైన చోట నిలిచింది. 1987లో అదే సంస్థ ఆ 17 మీటలనూ తొలగించి 84 మీటల పొట్టి కీబోర్డును కూడా తెచ్చింది. తరువాత విండోస్ మీటలు మూడు చేరి 101 కాస్తా 104 అయింది; నేటి 87 మీటల కీబోర్డు ఆ 104 నుండి 17 తీసివేయగా మిగిలినదే. మీటకు మీటకు మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు కాబట్టి నాలుగు నిలువు వరుసలు పోతే బల్ల మీద సుమారు 8 సెంటీమీటర్లు మిగులుతాయి. వేలిముద్ర పరికరం, ప్రింటరు, దస్త్రాల కట్టలు ఉన్న బల్లకు అది చిన్న లాభం కాదు. మౌస్ కోసం చేయి అంత దూరం చాచనక్కరలేదు కూడా.

ఇన్‌స్క్రిప్ట్ చేసిన మార్పు

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అమరికను ప్రమాణీకరించింది. 1991లో ఐఎస్ 13194 ప్రమాణంలోనూ అది భాగమైంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వచ్చే ఈ అమరిక భారతీయ లిపులన్నిటికీ ఒకటే. ‘క’ ఏ మీట మీద ఉందో కన్నడ ‘ಕ’ కూడా అదే మీట మీద ఉంటుంది. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోనిది; రెండు భాషలూ వాడుకలో ఉన్న ఆ సీమలో ఈ ఐక్యతకు విలువ ఎక్కువ.

అయితే తెలుగు అక్షరాలు 26 మీటలలో పట్టవు. అందుకే ఇన్‌స్క్రిప్ట్ విరామచిహ్నాల మీటలనూ ఆక్రమించింది. అర్ధవిరామం ఉండే చోట ‘చ’ వచ్చింది. వాలుగీత ఉండే చోట ‘య’ వచ్చింది. షిఫ్ట్‌తో 8 నొక్కితే నక్షత్రం గుర్తుకు బదులు ‘శ్ర’ వస్తుంది. కూడిక గుర్తు చోట ‘ఋ’ వస్తుంది. పై వరుసలో అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఫలితమేమంటే, తెలుగు స్థితిలో ఉన్న కీబోర్డు ప్రధాన భాగంలో, షిఫ్ట్ నొక్కినా, వాలుగీత దొరకదు. అది నంబరు ప్యాడ్ మీద మిగిలింది, ఎందుకంటే ఆ 17 మీటల జోలికి ఇన్‌స్క్రిప్ట్ పోలేదు. సర్వే నంబర్లు రాసేవారికి ఇది చిన్న విషయం కాదు. ఉపవిభాగాలు తరచుగా వాలుగీతతోనే రాస్తారు: 212/3 వంటివి. నంబరు ప్యాడ్ లేనప్పుడు ఆ ఒక్క గీత కోసం ఇంగ్లీషుకు మారి, కొట్టి, మళ్ళీ తెలుగుకు రావాలి. వచ్చేటప్పుడు మరచిపోతే తరువాతి మాట ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా పడుతుంది. పాత ఎనిమిది బిట్ల తెలుగు ఫాంట్ల దస్త్రాలు ఇంకా నడిపేవారికి మరొక నష్టం ఉంది. విండోస్‌లో ఆల్ట్ మీట పట్టుకొని సంఖ్య కొట్టి అక్షరం తెప్పించే పద్ధతి నంబరు ప్యాడ్ అంకెలతోనే పనిచేస్తుంది, పై వరుసతో కాదు.

ఒక మెట్టు దిగితే

87 మీటలతో ఆగితే నష్టం గుర్తులకే పరిమితం. 61 మీటల కీబోర్డుకు దిగితే పరిస్థితి వేరు. ఎస్కేప్ మీట దిగువన, 1 అంకెకు ఎడమపక్కన ఉండే మీట ఇంగ్లీషులో దాదాపు నిరుపయోగం. హిందీలోనూ అది అరుదు. ద్రావిడ భాషలకు హ్రస్వ ఎ, ఒ కావాలి గనుక ఇన్‌స్క్రిప్ట్ ఆ మీటను ‘ొ’కు, షిఫ్ట్‌తో ‘ఒ’కు కేటాయించింది. 61 మీటల కీబోర్డులలో ఆ స్థానాన్ని సాధారణంగా ఎస్కేప్ ఆక్రమిస్తుంది; పాత మీటను ఎఫ్ఎన్ నొక్కి తెచ్చుకోవాలి. అంటే ‘కొడుకు’, ‘పొలం’, ‘ఒక’ అని రాయడానికి ప్రతిసారీ రెండు మూడు మీటలు కలిపి నొక్కాలి. పొలం పేరు మీద నడిచే కార్యాలయంలో ‘పొలం’ అన్న మాటే భారమవుతుందన్నమాట. ఈ లోటు చిన్నతనం వల్ల అనివార్యంగా వచ్చింది కాదు. జపాన్‌లో ఐయితి వాడా ఆలోచనతో పీఎఫ్‌యూ సంస్థ 1996లో తెచ్చిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డులో 60 మీటలే ఉన్నా ఆ మీటను పై వరుస కుడి కొసన విడిగా నిలిపారు. తరువాతి తయారీదారులు దాన్ని అనవసరమనుకున్నారు. వారి లెక్కలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం రాసేవారికి మాత్రం ఈ బెడద లేదు.

బల్ల మీది ఎంపిక

1984 ఆరంభంలో కరణీకం రద్దయింది. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది; మస్టర్ల లెక్కలు కంప్యూటర్లకు ఎక్కాయి. 2015లో మీభూమి, 2019 అక్టోబరు 2 నుండి డిజిటల్ అసిస్టెంటుతో సహా గ్రామ సచివాలయాలు వచ్చాయి. కరణం చేతిలో కలిసి ఉన్న అక్షరం, అంకె ఇప్పుడు ఒకే ఉద్యోగి రెండు చేతుల మధ్య పంచబడ్డాయి. ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి. చివరిది తనిఖీ అంకె కాబట్టి ఒక అంకె తప్పు పడితే యంత్రమే పట్టుకుంటుంది. సర్వే నంబరుకు అటువంటి కావలి లేదు. 212 బదులు 221 పడితే అదీ ఎవరిదో ఒకరి చేనే.

కాబట్టి రోజంతా అంకెలే ఎక్కించే బల్లకు పూర్తి కీబోర్డు తగినది. అర్జీలు, తీర్మానాలు, నివేదికలు తెలుగులో రాసే బల్లకు 87 మీటలది చాలు. లెక్కల రోజుల్లో యూఎస్‌బీతో తగిలించుకునే విడి నంబరు ప్యాడ్ ఉంటే వాలుగీత కూడా తిరిగి వస్తుంది. ఎడమచేతి వాటం వారు దాన్ని ఎడమవైపు పెట్టుకోవచ్చు. వైరు ఉన్నదే మేలు: బ్యాటరీ, చార్జింగు చింత లేదు. వైరు కీబోర్డు నుండి ఊడదీయగలిగేదైతే, అది తెగినప్పుడు కీబోర్డును పారేయనక్కరలేదు. డబ్బు చెల్లించే ముందు దుకాణంలోనే ఇన్‌స్క్రిప్ట్ తెలుగు పెట్టి, 1 అంకెకు ఎడమపక్క మీట నొక్కి ‘ొ’ పడుతుందో లేదో చూడాలి. కుడివైపు ఆల్ట్ మీట ఉందో లేదో కూడా చూసుకోవాలి.