నా పేరేంది?

మా జఫర్‌గఢ్‌కు రెండు పేర్లు. పాత పేరు వేల్పుగొండ. నిజాం కొలువులోని జఫరుద్దౌలా పేరు మీద తర్వాత జఫర్‌గఢ్ అయింది. గుట్ట మీద కోట గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. నిన్న మొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. జిల్లా మారినప్పుడు మా అభిప్రాయం ఎవరూ అడగలేదు. కాని ‘ఈ ఊరికి ఈ తురక పేరేంది’ అని మాత్రం మమ్మల్నే అడుగుతారు. జఫరుద్దౌలా మా తాత అయినట్టు, కోట తాళంచెవులు మా మొలతాడుకు వేలాడుతున్నట్టు.

మా తాతలు కోటలు కట్టించిన వాళ్లు కాదు. దూది ఏకినవాళ్లు. ఎడ్లకు లాడాలు కొట్టినవాళ్లు. గాజుల మలారం నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరిగినవాళ్లు. దుకాణాల ముందు సాంబ్రాణి పొగ వేసి పైసా అడుక్కున్నవాళ్లు. నవాబు పోతూ పోతూ మాకు జాగీరు ఇవ్వలేదు, తన పేరు మీద పడే నింద మాత్రం ఇచ్చిపోయాడు. సొంత పేరును కూడా మేము సంజాయిషీలాగే చెప్పుకోవాలి. పట్నంలో కిరాయి ఇంటికి పోతే ముందు పేరు అడుగుతారు. చెప్పాక ఇల్లు ఖాళీ లేదంటారు. ఇంకొందరు మెచ్చుకుంటారు: ‘ముస్లింలయినా తెలుగు బాగా మాట్లాడతారే!’ మా అమ్మలు మాకు జోలపాడిన భాష ఏదనుకుంటున్నారో మరి.

అలహాబాద్ 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది. ఔరంగాబాద్ 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అయింది. హైదరాబాద్ పేరు కూడా మార్చాలని ఎన్నికల సభల్లో కేకలు వింటూనే ఉన్నాం. ఇట్లాంటి కాలంలో పేరు గురించి మాట్లాడుకోవాలంటే మాకు ఒక బాక్సర్ చరిత్ర అక్కరకొస్తుంది. ముహమ్మద్ అలీని అందరూ ఎరుగుదురు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తో జ్యోతి వెలిగించిన పెద్దమనిషిని లోకమంతా ప్రేమించింది. 2016లో ఆయన పోయినప్పుడు తెల్ల అమెరికా కూడా కన్నీళ్లు పెట్టుకుంది. మేము చెప్పదలచుకున్నది ఆ పెద్దమనిషి గురించి కాదు. 1960 అక్టోబరు నుంచి 1964 మార్చి దాకా ఎవరికీ కొరుకుడు పడని కుర్రవాడి గురించి. కాసియస్ క్లే అలీ అయిన మూడున్నరేళ్ల గురించి.

అతను 1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పుట్టాడు. తండ్రి బోర్డులు రాసే పెయింటరు, తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేది. కాసియస్ మార్సెలస్ క్లే అన్న పేరు అదే రాష్ట్రానికి చెందిన 19వ శతాబ్దపు తెల్ల భూస్వామిది. ఆ భూస్వామి బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడు. మంచివాడే. అయినా ఆ పేరు ఒక తెల్ల దొర నుంచి ఒక నల్ల ఇంటికి వచ్చిందే. 1954లో పన్నెండేళ్ల పిల్లవాడి సైకిలు పోయింది. దొంగను కొడతానని ఏడుస్తూ పోతే, జో మార్టిన్ అనే పోలీసాయన ముందు కొట్టడం నేర్చుకొమ్మని తన బాక్సింగ్ జిమ్‌కు రమ్మన్నాడు. మరుసటేడు మిసిసిపీలో పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్లు చంపారు. దాదాపు తన ఈడు పిల్లవాడు, అదే రంగు. జిమ్‌లో నేర్చిన దానికి తోడు ఆ చావు నేర్పిన పాఠం కూడా అతని వెంట వచ్చింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ బంగారు పతకం గెలిచాడు. ఆ అక్టోబరులోనే ప్రొఫెషనల్ అయ్యాడు. లూయీవిల్‌కు చెందిన 11 మంది తెల్ల ధనవంతులు ఒక బృందంగా ఏర్పడి అతనితో ఆరేళ్ల ఒప్పందం రాసుకున్నారు. సంతకానికి 10,000 డాలర్లు. మొదటి రెండేళ్లు ఏడాదికి 4,800 డాలర్లకు హామీ. శిక్షణ ఖర్చులు, ప్రయాణాలు వాళ్లవే. సంపాదనలో సగం వాళ్లకు. అతని వాటాలోంచి 15 శాతం వృద్ధాప్యం కోసం పక్కన పెట్టాలి, 35 ఏళ్లు నిండేదాకానో, రింగు విడిచేదాకానో దాన్ని ముట్టుకోకూడదు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల లెక్కన అది మంచి ఒప్పందం. అప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ చాలావరకు ముఠాల గుప్పిట్లో ఉండేది. సానీ లిస్టన్ లాంటి మహా యోధుడి సంపాదన కూడా మాఫియా పెద్దల చేతుల మీదుగానే పోయేది. క్లేకు ఆ గతి పట్టలేదు. కాని దయగల యజమాని కూడా యజమానే. వాళ్లకు కావలసింది గెలిచే, నవ్వించే, లూయీవిల్‌కు పేరు తెచ్చే కుర్రవాడు. ఆ కుర్రవాడు ఎవరిని నమ్ముతాడు, ఎవరికి మొక్కుతాడు అన్నది ఒప్పందంలో లేదు.

అక్టోబరు 29న సొంత ఊళ్లో మొదటి పోటీ. ఎదుటివాడు టనీ హన్‌సేకర్, వెస్ట్ వర్జీనియాలో ఒక చిన్న ఊరి పోలీసు అధికారి. ఆరు రౌండ్లు, పాయింట్ల మీద గెలుపు. తర్వాత మయామీలో ఏంజెలో డండీ దగ్గర చేరాడు. డండీ తెలివైన ఉస్తాదు. ఈ కుర్రవాడు చేతులు కిందికి వదిలేసి ఆడతాడు, దెబ్బకు తల పక్కకు వంచకుండా వెనక్కి లాగుతాడు, హెవీవెయిట్ అయ్యుండి చిన్న బరువువాడిలా కాళ్ల మీద ఎగురుతాడు. బాక్సింగ్ పుస్తకం ప్రకారం అన్నీ తప్పులే. డండీ ఆ తప్పులను సరిచేయలేదు, వాటికే పదును పెట్టాడు. మన తాలీంఖానాల్లో మంచి ఉస్తాదు చేసే పని కూడా ఇదే. శాగిర్దు ఒంట్లో ఉన్న పట్టునే బయటికి తీస్తాడు.

జిమ్ ఉన్నది మయామీ బీచ్‌లో. అక్కడ నల్లవాళ్లకు రాత్రి బస లేదు. క్లే ఉండేది నీళ్లకు ఇవతల ఓవర్‌టౌన్ అనే నల్లవాళ్ల పేటలో. రోజూ పొద్దున వంతెన మీదుగా జిమ్‌కు పరుగెత్తేవాడు. పరుగెత్తే నల్ల కుర్రవాడు పోలీసు కంటికి దొంగగా కనిపించేవాడు. ఆపి, జిమ్‌కు ఫోను చేసి, మీవాడేనా అని అడిగిన రోజులున్నాయి. ఒలింపిక్ పతకం గుర్తింపు కార్డుగా పనికిరాలేదు. గడ్డం, టోపీ ఉన్నందుకు బస్‌స్టాండులో సంచి విప్పి చూపించిన మన పిల్లలకు ఈ ముక్క వేరే చెప్పనక్కరలేదు.

1961లో ఎనిమిది పోటీలు, ఎనిమిదీ గెలుపులే. ఆ ఏడే లాస్ వేగస్‌లో గార్జియస్ జార్జ్ అనే కుస్తీవాడిని చూశాడు. ఆ కుస్తీవాడు బడాయిలు కొట్టేవాడు, జనం తిట్టేవాళ్లు, తిట్టడానికైనా టికెట్ కొనేవాళ్లు. కిటుకు క్లేకు దొరికింది. ఏ రౌండులో ఎదుటివాడు పడతాడో ముందే చెప్పడం, ప్రాసలు కట్టడం మొదలైంది. పత్రికలవాళ్లు వదరుబోతు అన్నారు. నల్లవాడు వినయంగా ఉంటేనే అప్పటి అమెరికాకు ముద్దు. మునుపు జో లూయీ అంతటివాడు కూడా తెల్లవాడిని ఓడించి చిరునవ్వైనా నవ్వకుండా జాగ్రత్తపడ్డాడు. క్లే ఆ మర్యాద కట్టుబాటును తెంచాడు. ‘నేను గొప్పవాణ్ని, అందగాణ్ని’ అని ఒక నల్లవాడు అరిచి చెప్పడమే అక్కడ ధిక్కారం.

నోరొక్కటే ఉన్నవాడు కాదు. 1962 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో సానీ బ్యాంక్స్ మొదటి రౌండులోనే కింద పడేశాడు. లేచి నాలుగో రౌండులో ముగించాడు. నవంబరులో తనకంటే ఎంతో పెద్దవాడైన ఆర్చీ మూర్‌ను చెప్పినట్టే నాలుగో రౌండులో ఓడించాడు. 1963 మార్చిలో డగ్ జోన్స్ పది రౌండ్లు ముప్పుతిప్పలు పెట్టాడు. గెలుపు ప్రకటిస్తే జనం ఈసడించారు. జూన్‌లో లండన్‌లో హెన్రీ కూపర్ ఎడమచేతి దెబ్బకు నాలుగో రౌండు చివర నేల కరిచాడు, తేరుకొని అయిదో రౌండులో గెలిచాడు. అప్పటికి 19 పోటీలు, 19 గెలుపులు. రెండుసార్లు పడి రెండుసార్లూ లేచాడు.

ఇదంతా రింగు లోపలి కథ. రింగు బయట ఇంకో కథ సాగుతోంది. 1961 నుంచే అతను మయామీలో నేషన్ ఆఫ్ ఇస్లాం సమావేశాలకు పోతున్నాడు. తర్వాత మాల్కం ఎక్స్ స్నేహం దొరికింది. ఆ సంస్థ చెప్పిన ఇస్లాం మన ఇళ్లలో ఎరిగిన ఇస్లాం కాదు. తెల్లవాళ్లంతా సైతాన్లని చెప్పే మతాన్ని మన మౌల్వీలు ఎవరూ ఒప్పుకోరు. 1975 తర్వాత అలీ కూడా సున్నీ మార్గానికి వచ్చాడు. కాని ఆ సంస్థ ఒక ప్రశ్న వేసింది: నీ ఇంటిపేరు ఎవడిది? నీ ముత్తాతను కొన్నవాడిది కాదా?

1964 ఫిబ్రవరి 25. మయామీ బీచ్. ఎదుట సానీ లిస్టన్, ప్రపంచ చాంపియన్. పందెం రాయుళ్లు ఏడుకు ఒకటి లిస్టన్ మీదే కాశారు. ఈ కుర్రవాడు ముస్లింలతో తిరుగుతున్నాడన్న మాట పొక్కేసరికి ప్రమోటరు పోటీనే రద్దు చేస్తానన్నాడు. మాల్కం కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్తేగాని పోటీ నిలవలేదు. గమనించండి, అతను అప్పటికి చేసిన నేరం ఏదీ లేదు. తన ఇష్టమైన చోట నమాజుకు నిలబడ్డాడు, అంతే. నాలుగో రౌండు చివర కళ్లు మండి ఏమీ కనిపించక గ్లవ్స్ విప్పెయ్యమన్నాడు. డండీ కళ్లు కడిగి రింగులోకి నెట్టాడు. ఏడో రౌండు గంటకు లిస్టన్ స్టూలు మీంచి లేవలేదు. 22 ఏళ్లకు ప్రపంచ చాంపియన్.

మర్నాడు విలేకరుల ముందు తన విశ్వాసం దాచుకోలేదు. మీరు కోరుకున్నట్టు నేను ఉండనక్కరలేదన్నాడు. మార్చి 6న ముహమ్మద్ అలీ అన్న పేరు ప్రకటించారు. మే నెలలో ఘనా, ఈజిప్టు వెళ్లాడు. అక్కడి వీధుల్లో జనం అలీ అనే పిలిచారు. స్వదేశంలో మాత్రం పెద్ద పెద్ద పత్రికలు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. సినిమావాళ్లు పేర్లు మార్చుకుంటే మారుమాట లేకుండా రాసే పత్రికలకు ఈ ఒక్క పేరు దగ్గర కలం సాగలేదు.

1967 ఫిబ్రవరిలో ఎర్నీ టెరెల్ పోటీకి ముందు అతన్ని క్లే అన్నాడు. అలీ పదిహేను రౌండ్లు కొట్టాడు. కొడుతూ ‘నా పేరేంది’ అని అడిగాడు. ఆ ప్రశ్న మా గుండెల్లో మోగే మాట నిజమే. కాని టెరెల్ కూడా నల్లవాడే. అంతకుముందు లిస్టన్‌ను ఎలుగుబంటి అని, తర్వాత ఫ్రేజియర్‌ను గొరిల్లా అని అలీ హేళన చేశాడు. తెల్ల దొర వాడిన తిట్లే అవి. సంస్థకు దూరమైన మాల్కంకు ముఖం చాటేశాడు. ఏడాది తిరక్కుండా 1965 ఫిబ్రవరిలో మాల్కంను కాల్చి చంపారు. ఆ ముఖం చాటేసినందుకు జీవితంలో బాగా చింతించానని అలీ తర్వాత రాసుకున్నాడు. తన పేరు కోసం పోరాడే మనిషి ఇంకొకరి పేరు తీసేస్తే ఏమవుతుందో ఇక్కడ చూస్తున్నాం. దూదేకులవాళ్లను ‘అసలు ముస్లింలా’ అని అడిగే మనలోని ఖాందానీలు ఈ పుట రెండుసార్లు చదవాలి.

1967 ఏప్రిల్ 28న హూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే చోట క్లే అని పిలిస్తే అతను అడుగు ముందుకు వేయలేదు. వియత్నాం యుద్ధానికి రానన్నాడు. బిరుదు పోయింది. అయిదేళ్ల శిక్ష, 10,000 డాలర్ల జుర్మానా. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది, కాని ఉడుకు వయసులోని మూడేళ్లకు పైగా రింగు దూరమైపోయింది. పేరు ధర ఎంతో అతను లెక్కపెట్టి కట్టాడు.

1980లో అలీ మద్రాసు వచ్చి ప్రదర్శన పోటీలో దిగాడు. మన నేలకు దగ్గరగా వచ్చింది అంతే. హెవీవెయిట్ మన దగ్గర పుట్టలేదు. కాని నిజామాబాద్‌లో బీడీల వాసన మధ్య ఒక బాక్సింగ్ బడి పుట్టింది. శంషుద్దీన్ ఉస్తాదు చేతుల మీదుగా కొడుకు హుసాముద్దీన్ వచ్చాడు. 2018, 2022 కామన్వెల్త్ పోటీల్లో, 2023 ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చాడు. అదే ఉస్తాదు దగ్గర నిఖత్ జరీన్ తొలి పాఠాలు నేర్చింది. ఆడపిల్లకు బాక్సింగేమిటి, ఆ పొట్టి నిక్కర్లేమిటి అని అన్నవాళ్లు మనవాళ్లే. తండ్రి జమీల్ అహ్మద్ వెనక్కి తగ్గలేదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం దెబ్బతింది. 2019 డిసెంబరులో మేరీ కోమ్ చేతిలో ఓడింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్. 2023లో ఢిల్లీలో మళ్లీ.

ఆ 2022లోనే కర్ణాటకలో హిజాబ్ గొడవ. విలేకరులు ఆమెనూ అడిగారు. ఎవరి ఇష్టం వారిదని జవాబిచ్చింది. తను దేశం కోసం ఆడుతున్నానంది. 52 కిలోల పిల్ల, ఒక పక్క మౌల్వీలకు, ఇంకో పక్క దేశభక్తికి రశీదు అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. పతకం గెలిచిన రాత్రి అందరికీ తెలుగింటి ఆడబిడ్డ. 2024 పారిస్‌లో ఓడిన రోజు ఒక్కతే కన్నీళ్లు తుడుచుకుంది.

గెలిస్తేనే మావాడివి అనే ప్రేమ మాకు వద్దు. గెలవని వాళ్లే మాలో ఎక్కువ. పంక్చర్లు వేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు. వాళ్లకూ పేర్లున్నాయి. ఊరికి వేల్పుగొండ అన్నా మాకు అభ్యంతరం లేదు, అదీ మా ఊరి పేరే, ఆ గుట్ట కింద మా గోరీలూ ఉన్నాయి. కాని మమ్మల్ని తుడిచేయడానికి ఊరి పేరు తుడుస్తామంటే ఒప్పుకోం. ఒక మనిషి తన పేరు తాను పెట్టుకోవడం విడుదల. ఒకరి పేరు ఇంకొకరు చెరిపేయడం దోపిడీ. ఈ రెంటికీ తేడా తెలియనట్టు నటించేవాళ్లను మేము అడిగేది, పిడికిలి బిగించకుండానే, ఆ ఒక్క ప్రశ్నే.

మా పేరేంది? చెప్పండి. సరిగ్గా పలకండి.