దేవాదాయ ధర్మాదాయ శాఖ: చరిత్ర

హిందూ దేవాలయాలు, మఠాలు, సత్రాలు, వాటి కింద ఉన్న భూములపై చట్టప్రకారం అజమాయిషీ చేసే ప్రభుత్వ విభాగం దేవాదాయ ధర్మాదాయ శాఖ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దీనికి ఒక మంత్రి, ఒక కమిషనరు, పెద్ద గుళ్ళలో కార్యనిర్వహణాధికారులు (ఈవోలు) ఉంటారు. జనం నోట ఇదంతా కలిసి ఒకే మాట: ఎండోమెంటు. "మా గుడి ఎండోమెంటులో కలిసింది" అని ఒక ఊళ్ళో ధీమాగా చెప్తారు. పక్క ఊళ్ళో అదే మాట ఫిర్యాదులా వినిపిస్తుంది. రాజ్యానికంటూ ఒక మతం లేదనుకున్న దేశంలో పులిహోర పొట్లం ధర మీద ప్రభుత్వోద్యోగి సంతకం ఎందుకు అవసరమైందన్నది రెండు వందల ఏళ్ళ కథ. ఈ భారాన్ని వదిలించుకోవాలని చూసినవాళ్ళు విదేశీ పాలకులు, మళ్ళీ నెత్తికెత్తుకున్నవాళ్ళు మన మంత్రులు.

కంపెనీ చేతిలో

రాజు గుడికి మాన్యం రాసివ్వడం, లెక్క తప్పితే విచారించడం పాత పద్ధతే. ఆర్కాటు నవాబుల కాలంలో తిరుమల రాబడిని ఇజారాకు ఇచ్చేవారు. పాట పాడుకున్నవాడు నవాబుకు చెల్లించాల్సింది చెల్లించి మిగతాది తాను ఉంచుకునేవాడు. 1801లో నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ పరమయ్యాక ఆ గుడి కలెక్టరు కిందికి వచ్చింది. సేవలు, ఉద్యోగుల విధులు, లెక్కలు ఎలా నడవాలో 1821 నాటి బ్రూస్ కోడు సూత్రాలుగా రాసిపెట్టింది.

మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించేలా 1817లో ఏడో రెగ్యులేషన్ వచ్చింది. అది రెవెన్యూ బోర్డుకు అప్పగించిన వాటి జాబితాలో మసీదులు, హిందూ గుళ్ళు, విద్యాలయాలు, వంతెనలు, సత్రాలు అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. జనం కోసం ఏర్పడిన ఆస్తులన్నదొక్కటే వాటి మధ్య చుట్టరికం. ఏ దేవుడన్నది ఆ చట్టానికి పట్టలేదు, భూముల రాబడి పక్కదారి పట్టకపోవడమే దాని లెక్క.

అయితే అజమాయిషీ లెక్కలతో ఆగలేదు. ఉత్సవం జరిపించే పూచీ కలెక్టరు మీద పడింది. రథం లాగడానికి రైతుల్ని రప్పించారు. ఊరేగింపుల్లో కంపెనీ సిపాయిలు తుపాకులు పేల్చి వందనం చేశారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపు కాయడమేమిటని మిషనరీలు ఇంగ్లండులో గొడవ లేపారు. ఈ సంబంధం తెంచుకోమని లండన్ డైరెక్టర్లు 1833లో ఉత్తర్వు పంపినా ఇక్కడి అధికారులు నానబెట్టారు. క్రైస్తవ సైనికులను అలాంటి ఉత్సవాలకు పంపడం ఇష్టంలేక మద్రాసు సేనాపతి సర్ పెరెగ్రిన్ మైట్‌లండ్ 1838లో పదవి వదులుకున్నాడు. మత స్వేచ్ఛ పేరుతో మన గుళ్ళ దగ్గర జరిగిన తొలి రాజీనామాల్లో ఒకటి ఒక ఇంగ్లీషు జనరల్‌ది కావడం గమనించాలి.

చివరికి 1843లో తిరుమల గుడిని హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించి కంపెనీ చేతులు కడుక్కుంది. మిగతా గుళ్ళూ దాదాపు ఆ రోజుల్లోనే స్థానిక పెద్దల పాలైపోయాయి.

అడిగేవాడు లేని కాలం

1863 నాటి ఇరవయ్యో చట్టం ఈ విడాకుల పత్రం. గుడి ఆస్తి గానీ మసీదు ఆస్తి గానీ ఇకమీదట ప్రభుత్వం తన చేతిలో ఉంచుకోరాదంది. వాటి పర్యవేక్షణకు స్థానిక కమిటీలు వేసింది. సభ్యుల పదవీకాలం జీవితాంతం! ధర్మకర్త సొమ్ము తిన్నాడనిపిస్తే భక్తుడు కోర్టు అనుమతి తెచ్చుకుని, సొంత ఖర్చుతో దావా వేసుకోవాలి. మాన్యాలు ధర్మకర్తల బంధువుల పేర్ల మీదికి పాకాయనీ, కౌళ్ళు నామమాత్రమయ్యాయనీ ఫిర్యాదులు వచ్చాయి. తర్వాతి అర్ధశతాబ్దంలో మార్పు కోరుతూ బిల్లులు పుట్టాయి, పోయాయి. మత విషయాల్లో వేలు పెట్టకూడదన్న పట్టుదల సర్కారుకు అంతగా ఉండేది.

1919 సంస్కరణలతో ధర్మాదాయాలు ఎన్నికైన మంత్రుల శాఖల్లో చేరాయి. అప్పుడు కదిలింది బ్రాహ్మణేతరుల పక్షాన పుట్టిన జస్టిస్ పార్టీ. మద్రాసు ముఖ్యమంత్రి పానగల్ రాజా, అంటే కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు, 1922లో హిందూ ధర్మాదాయాల బిల్లు తెచ్చారు. ఇది మతంలో జోక్యమని కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి వంటివారు ఎదిరించారు. దేవుడి సొమ్ముకు లెక్క అడగడం జోక్యమెలా అవుతుందని బిల్లు పక్షం వాదన. గుళ్ళ మీద పట్టు ఏ కులాలదన్న ప్రశ్న ఆ చర్చకు అడుగున ఉంది, దాన్ని దాచి ఈ చరిత్ర చెప్పలేం. 1925లో చట్టమైంది. చెల్లుబాటుపై సందేహాలు రావడంతో 1927లో మళ్ళీ చేశారు. కమిషనర్ల బోర్డు ఏర్పడింది.

సరిగ్గా 1925లోనే పంజాబులో గురుద్వారాల చట్టం వచ్చింది. అక్కడ పెత్తనం సిక్కులు ఓట్లేసి ఎన్నుకునే కమిటీకి దక్కింది. మద్రాసులో ప్రభుత్వం నియమించిన బోర్డుకు దక్కింది. నేటికీ నడుస్తున్న వాదాల్లో సగానికి బీజం ఈ తేడాలోనే ఉందనిపిస్తుంది. ఎవరెవరు హిందువులో, ఎవరికి ఓటుండాలో తేల్చడం కన్నా అధికారిని వేయడం సులువు. ఆనాటికి కొన్ని కులాలవాళ్ళకు గుడి గడప దాటే హక్కే లేదు. 1939 చట్టం గుడి తలుపులు తెరిచిన ధర్మకర్తలకు రక్షణ ఇచ్చింది, 1947 చట్టం ప్రవేశాన్ని హక్కు చేసింది. ఈ పని ధర్మకర్తలకే వదిలేసి ఉంటే ఎన్నేళ్ళు పట్టేదో ఊహించుకోవచ్చు.

తిరుమలకు వేరే చట్టం చేశారు. 1933లో మహంతుల తొంభై ఏళ్ళ పాలన ముగిసి తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ వచ్చింది.

నిజాం రాజ్యంలో

హైదరాబాదులో ఈ పని ఉమూరె మజ్‌హబీ అనే మత వ్యవహారాల శాఖది. మసీదులూ గుళ్ళూ రెండూ దాని కిందే. గుళ్ళకు గ్రాంట్లు ఇచ్చింది ఆ శాఖే, కొత్త గుడి కట్టుకోవాలంటే అనుమతి పేరుతో కాళ్ళరిగేలా తిప్పిందనీ ఆ శాఖ మీదే ఫిర్యాదు. 1938-39 ఆర్యసమాజ సత్యాగ్రహానికి కారణాల్లో హోమగుండాల మీద, మందిరాల మీద పెట్టిన ఆంక్షలు కూడా ఉన్నాయి. నిజాం సర్వమత పోషకుడా, మతపక్షపాతా అని వాదించుకునే రెండు పక్షాలకూ ఆ ఒక్క శాఖ దస్తరాల్లోనే సాక్ష్యాలు దొరుకుతాయి.

కోర్టులు గీసిన గీత

1951లో మద్రాసు ప్రభుత్వం బోర్డును రద్దుచేసి నేరుగా శాఖను పెట్టింది. ఉడుపి శిరూరు మఠాధిపతి కోర్టుకెక్కారు. 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఈనాటికీ అందరూ చెప్పుకునేది. మతమంటే నమ్మకం మాత్రమే కాదు, ఆచారం కూడా. ఏది తప్పనిసరి ఆచారమో ఆ మత సిద్ధాంతాన్ని బట్టే చూడాలి. ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చు. నైవేద్యం ఎన్ని పూటలన్నది మతం, బియ్యం ఏ ధరకు కొన్నారన్నది లెక్క. కాగితం మీద గీత చక్కగానే ఉంది. పూట తగ్గించకుండా బియ్యం ఖర్చు తగ్గించమని అధికారి అన్నప్పుడు ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవాలి.

తెలుగు రాష్ట్రం ఏర్పడ్డ పదేళ్ళకు, 1966లో, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు కలిపి ఒకే చట్టం వచ్చింది. ముస్లిం ధర్మాదాయాలు 1954 నాటి కేంద్ర చట్టం ద్వారా వక్ఫ్ బోర్డుల దారి పట్టాయి. చర్చి ఆస్తులకు ఇలాంటి శాఖ లేదు. "గుళ్ళ మీదే ఎందుకు?" అన్న ప్రశ్నకు బలం అక్కడి నుంచే వస్తుంది.

జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత ఎన్‌.టి. రామారావు ప్రభుత్వం 1987లో ముప్పయ్యో చట్టం తెచ్చింది. వంశపారంపర్య అర్చకత్వం, మిరాసీ హక్కులు రద్దయ్యాయి. తిరుమలలో తరతరాలుగా ప్రసాదాల్లో వాటా పొందిన మిరాసీ కుటుంబాలకు అది పిడుగుపాటు. పూజ చేయడం మతకార్యమే గానీ అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమని 1996లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. చిన్న గుళ్ళ అర్చకుల బతుకులు అంతకంతకూ దిగజారడంతో 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు మళ్ళీ చోటిచ్చారు. పెద్ద గుళ్ళ నుంచి తీసుకునే వాటాతో సర్వశ్రేయోనిధి నడుస్తుంది. ఆదాయం లేని గుడికి గోపురం కట్టించేది ఆ నిధే, "మా దేవుడి డబ్బు మాకే ఉండాలి" అన్న పెద్ద గుడి భక్తుడికి కంటగింపూ ఆ నిధే.

హుండీ రోజు

ఈ శాఖ పని కళ్ళారా చూడాలంటే హుండీ లెక్కింపు రోజున వెళ్ళాలి. మండపంలో పట్టాలు పరుస్తారు. ఈవో ముందు సీళ్ళు తీస్తారు. బ్యాంకు సిబ్బంది, పోలీసులు, శాఖ తరఫున తనిఖీ అధికారి చుట్టూ ఉండగా సేవకులు నోట్లు రకాల వారీగా కట్టలు కడతారు. డాలర్లు, దిర్హాములు వేరే కుప్ప, అమెరికాలో, గల్ఫులో ఉన్న పిల్లల మొక్కులవి. తిరుమలలో హుండీ లెక్కించే పరకామణిలో కూర్చునేవాళ్ళు జేబుల్లేని బట్టలే కట్టుకోవాలి. సాయంత్రానికి పత్రికలకు ప్రకటన వెళ్తుంది: నగదు ఇంత, బంగారం ఇన్ని గ్రాములు, వెండి ఇన్ని కిలోలు. పరీక్ష పాసవ్వాలని దేవుడికి రాసిన చీటీలూ హుండీలో ఉంటాయి. వాటిని రాసుకునే రిజిస్టరు మాత్రం లేదు.

చట్టానికి అందనివి ఇంకా ఉన్నాయి. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు లక్ష్మీ వెంకటేశ్వరుడి గుడికి వరుసకట్టి వస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచనీ, స్వామి తమ ఇంటి అల్లుడనీ వాళ్ళ లెక్క. ఏ సెక్షనూ ఈ చుట్టరికాన్ని గుర్తించలేదు, కాదనలేదు.

భద్రాచలం కథ వేరు. సర్కారు శిస్తుతో గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను గోల్కొండ సుల్తాను తానీషా చెరలో పెట్టించాడని ఐతిహ్యం. తర్వాత ఆ పాలకుడే సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడంటారు. ఆ వాడుక పేరు మీదే నిజాం ప్రభుత్వమూ, తర్వాత ఎన్నికైన ప్రభుత్వాలూ పట్టువస్త్రాలు, ముత్యాలు పంపుతూ వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు దక్కింది. అధికారిక కల్యాణానికి గుడి కావలసి వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరుసటి ఏడాది కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముణ్ణి ఎంచుకుంది. భద్రాచలంలో కల్యాణం నవమి నాటి మధ్యాహ్నం ఎండలో జరుగుతుంది. ఒంటిమిట్టలో పండు వెన్నెల రాత్రి జరుగుతుంది. రెండు చోట్లకూ పట్టువస్త్రాలు సర్కారు తరఫునే వెళ్తాయి.