ఎత్తితే ఆరే దీపాలు: క్రాగ్‌సైడ్ గ్రంథాలయంలో తొలినాటి విద్యుత్ బల్లదీపాలు

ఇంగ్లండులో స్కాట్లండు సరిహద్దుకు ఆనుకొని ఉన్న నార్తంబర్లండ్‌లో, న్యూకాసిల్ నగరానికి ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, కోకెట్ నది ఒడ్డున రాత్‌బరీ అనే చిన్న ఊరు ఉంది. ఊరికి కాస్త తూర్పుగా, కొండరాళ్ల నడుమ కట్టిన క్రాగ్‌సైడ్ భవనాన్ని చూడవచ్చినవారికి ఊరివాళ్లు మొదట చెప్పే మాట, ప్రపంచంలో జలవిద్యుత్తుతో దీపం వెలిగిన తొలి ఇల్లు ఇదేనని. ఆ మాటకు ఆధారం ఉంది. అయితే ఆ ఘనతను చెప్పుకొనే హడావుడిలో, అదే ఇంటి గ్రంథాలయంలోని నాలుగు రాగి కూజాలకు రావలసినంత పేరు రాలేదు. చేత్తో ఎత్తి పక్కన పెట్టగల దీపానికి విద్యుత్తును ఎలా అందించాలన్న చిక్కును ఒక గృహస్థు తన ఇంట్లో ఎలా విప్పుకున్నాడో ఆ కూజాలు చూపుతాయి.

ఆ గృహస్థు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. 1810లో న్యూకాసిల్‌లో పుట్టి, న్యాయవాద వృత్తిలో కొన్నేళ్లు గడిపి, ఆ తరువాత నీటి ఒత్తిడితో పనిచేసే క్రేన్లకూ ఫిరంగులకూ పేరు పడ్డ ఎల్స్విక్ కర్మాగారాన్ని నడిపిన ఇంజనీరు ఆయన. 1863లో విశ్రాంతి కోసం కట్టుకున్న చిన్న ఇంటిని 1869 నుంచి రిచర్డ్ నార్మన్ షా అనే వాస్తుశిల్పి చేత విస్తరింపజేశాడు. ఫిరంగులు అమ్మి గడించిన సొమ్ముతోనే ఈ ఇల్లు పెరిగిందన్న సంగతిని దాని చరిత్ర చెప్పేవారు సాధారణంగా వేగంగా దాటేస్తారు. ఇక్కడి విషయం దీపాలు కనుక ఈ వ్యాసమూ ఆ సంగతిని ప్రస్తావించి ముందుకు సాగుతుంది.

విద్యుత్తుకు ముందు ఇంటి దీపమంటే కదిలే దీపమే. కొవ్వొత్తిని పట్టుకొని మేడ ఎక్కేవారు. కిరోసిను దీపాన్ని చదివే బల్ల మీదికి, అక్కడి నుంచి భోజనాల గదికి మార్చేవారు. ఆ రోజుల్లో సంపన్నుల ఇళ్లలో ఎక్కువగా వాడింది డూప్లెక్స్ దీపం, అంటే రెండు బల్లపరుపు వత్తులు పక్కపక్కన మండే కిరోసిను దీపం. గొట్టాలతో వచ్చే గ్యాసు దీపం గోడకో పైకప్పుకో అతుక్కుపోయి ఉండేది గనుక, గ్యాసు ఉన్న ఇళ్లలో కూడా చేతిదీపం అవసరం తీరలేదు. అందుచేత విద్యుద్దీపం ఇంట్లోకి రావాలంటే వెలుతురులో కిరోసినుతో పోటీపడడం ఒక్కటే చాలదు, కదలికలో కూడా దానికి సాటి రావాలి.

క్రాగ్‌సైడ్‌లో మొదట వెలిగింది ఆ పోటీకి బొత్తిగా పనికిరాని దీపం. 1878లో ఆర్మ్‌స్ట్రాంగ్ తన చిత్రశాలలో ఒక ఆర్క్ దీపం పెట్టించాడు. రెండు బొగ్గు కడ్డీల కొనలను కాస్త ఎడంగా ఉంచి, వాటి మధ్య విద్యుత్తు దూకేటప్పుడు పుట్టే కళ్లు జిగేలుమనే వెలుగును వాడుకోవడం ఆర్క్ దీపం పద్ధతి. వీధికో రేవుకో సరిపోయే ఆ వెలుగు ఇంట్లో భరించరానిది. అది బుసకొడుతుంది, కడ్డీలు అరిగేకొద్దీ వాటి ఎడాన్ని సరిదిద్దుతూ ఉండాలి, పైగా దాన్ని చిన్న చిన్న దీపాలుగా పంచడం కుదరదు. వెలుగును పంచడమే ఆనాటి ఇంజనీర్లను వేధించిన సమస్య.

దానికి పరిష్కారం న్యూకాసిల్ నుంచే వచ్చింది. సండర్లండ్‌లో పుట్టి న్యూకాసిల్‌లో రసాయన వ్యాపారంలో స్థిరపడిన జోసెఫ్ స్వాన్, గాలి తీసేసిన గాజు బుడ్డిలో సన్నని కర్బనపు పోగును విద్యుత్తుతో ఎర్రగా, ఆపైన తెల్లగా కాగేలా చేసి వెలుగు పుట్టించాడు. గాలి ఉంటే పోగు కాలిపోతుంది కనుక బుడ్డిలోని గాలిని దాదాపు పూర్తిగా లాగివేయాలి. స్ప్రెంగెల్ పంపు అనే సాధనంలో సన్నని గొట్టం గుండా పడే పాదరసపు బొట్లు ఆ గాలిని కొద్దికొద్దిగా ఈడ్చుకుపోతాయి. 1879 ఫిబ్రవరిలో స్వాన్ న్యూకాసిల్‌లోని లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీలో తన దీపాన్ని ప్రదర్శించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ సొసైటీకి అధ్యక్షుడు కావడం వల్ల ఇద్దరికీ పరిచయం కొత్తగా ఏర్పడవలసిన పనిలేకపోయింది. 1880 డిసెంబరులో స్వాన్ పర్యవేక్షణలోనే క్రాగ్‌సైడ్‌లో ఆ బల్బులు అమర్చారు.

కరెంటు వాగునీటి నుంచి వచ్చేది. డెబ్డన్ వాగుకు అడ్డుకట్ట వేసి, 29 అడుగుల ఎత్తు నుంచి పడే నీటితో ఆరు అశ్వశక్తి టర్బైన్‌ను తిప్పి, దానితో సీమెన్స్ డైనమోను నడిపి, 1,500 గజాల దూరాన ఉన్న ఇంటికి రాగి తీగ మీద విద్యుత్తును చేరవేశారు. ఇంట్లో మొత్తం 45 దీపాలున్నా, కరెంటును ఒక గది నుంచి మరో గదికి మళ్లించే వీలుండడంతో ఒకేసారి 37కు మించి వెలిగించవలసిన అవసరం రాలేదని ఆర్మ్‌స్ట్రాంగ్ రాశాడు. 1881 జనవరి 17 నాటి ఆ లేఖ లండన్‌లోని ‘ది ఇంజనీర్’ పత్రికలో అచ్చయింది. ఒక్కో దీపం బాగా పెంచిన డూప్లెక్స్ దీపంతో సమానమని ఆయన అంచనా. కొత్తదాన్ని కొలవడానికి ఆయన కూడా పాత కిరోసిను దీపాన్నే ప్రమాణంగా తీసుకోవడం గమనించదగ్గది.

33 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఒక వైపు పెద్ద వసారా లాంటి అర ఉన్న గ్రంథాలయానికి ఎనిమిది దీపాలు సరిపోయాయి. వాటిలో నాలుగింటిని గుత్తిగా ఒకే గరుకుగాజు గ్లోబులో పెట్టి ఆ అర పైకప్పు నుంచి వేలాడదీశారు. మిగిలిన నాలుగూ విడివిడిగా, తలా ఒక గ్లోబులో, రాగి కూజాల మీద నిలిచాయి. రాగి మీద రంగురంగుల గాజుపూతను కొలిమిలో కరిగించి అతికించే మీనాకారీ తరహా పనితనం ఆ కూజాలది. వాటి అందానికి ముచ్చటపడే సందర్శకులు అవి యంత్రభాగాలు కూడా అన్న సంగతి గమనించరు.

దీపం వెలగాలంటే విద్యుత్తు ఒక దారిన వచ్చి మరో దారిన తిరిగిపోవాలి, అంటే రెండు తీగలు కావాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ కూజా వరకు ఆ రెండింటిలో ఒకదాన్ని తీసేశాడు. కూజా ఎలాగూ రాగిదే, రాగి మంచి విద్యుద్వాహకం. కాబట్టి బల్బులోని పోగు దాటి వచ్చిన కరెంటు కూజా ఒంటి గుండానే కిందికి దిగి, అది కూర్చున్న లోహపు పీఠంలోకీ, అక్కడి నుంచి తిరుగుతీగలోకీ పోయేది. వచ్చే కరెంటు కోసం పీఠం నడిమధ్యన, దానికి తగలకుండా వేరుపరచి, పాదరసం నింపిన చిన్న గిన్నెను అమర్చి, దానికి ప్రధాన తీగ నుంచి ఒక కొమ్మతీగను కలిపారు. కూజా అడుగున ఒక రంధ్రం. బల్బు నుంచి కూజా లోపలగా దిగిన తొడుగుతీగ ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చేది. దాని కొన మాత్రం తొడుగు లేకుండా వట్టి రాగిగా ఉండేది. కూజాను పీఠం మీద దించగానే ఆ కొన పాదరసంలో మునిగి దీపం వెలిగేది. కూజాను ఎత్తగానే కొన పైకి లేచి దీపం ఆరేది.

ఈ ఏర్పాటులో స్విచ్చి లేదు, ప్లగ్గు లేదు, బల్ల మీద పాకే తీగ లేదు. ఆ మూడింటి పనీ కూజాను దించడంలోనూ ఎత్తడంలోనూ ఇమిడిపోయింది. గట్టి లోహాన్ని గట్టి లోహానికి ఆనిస్తే మధ్య ఎడం మిగిలే ప్రమాదం ఉంటుంది. ద్రవరూపంలో ఉన్న పాదరసం తీగ ఎటు వాలినా దాన్ని చుట్టుకుంటుంది. ప్రయోగశాలల్లో పాదరసపు గిన్నెలతో తీగలు కలపడం అప్పటికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పద్ధతే కాబట్టి ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్త సాధనమేదీ కనిపెట్టలేదు. ప్రయోగశాల బల్ల మీది పద్ధతిని చదువుకొనే గదిలోని అలంకార వస్తువు కడుపులో దాచాడు. ఈ ఇంటి విద్యుత్ ఏర్పాట్లన్నింటిలో అతి తెలివైనది ఇదే. వాగుకు అడ్డుకట్ట వేయడం డబ్బూ భూమీ ఉన్నవారెవరైనా చేయగల పని.

ఆ తెలివికి ఉన్న హద్దులూ అంతే స్పష్టం. కూజా కదులుతుంది గానీ వెలుగు కదలదు. దుమ్ము తుడవడానికి ఎత్తినా దీపం ఆరిపోవలసిందే. మరో చోట పెడితే వెలగాలంటే అక్కడ కూడా అలాంటి పీఠమూ, గిన్నె, తీగలూ ఉండాలి. ప్రతి దీపానికీ వేరే కొమ్మతీగ ఉండడం వల్ల ఒకటి ఆరితే తక్కినవి ఆరేవి కావు కానీ, అంత దూరపు తీగ మీద ఆధారపడ్డ ఏర్పాటులో వెలిగే దీపాల సంఖ్య మారినప్పుడల్లా మిగతావాటి వెలుగు కాస్త హెచ్చుతగ్గులు కావడం సహజం. కరెంటు పారే లోహపు ఒంటిని చేత్తో పట్టుకోవడాన్నీ, నివాసపు గదిలో మూతలేని పాదరసాన్నీ ఇవాళ ఏ తనిఖీదారూ ఒప్పుకోడు. వెలుగుతూ ఉండగానే కదిలే బల్లదీపం ఇళ్లలోకి రావడానికి వంగే జంటతీగా, గోడలో సాకెట్టూ కావలసి వచ్చాయి. అవి 1880లలోనే అంచెలంచెలుగా రూపుదిద్దుకున్నాయి.

తీగ పూర్తిగా తెంచుకున్న దీపం గురించిన ఆలోచన ఈ ప్రాంతంలో భూమికింద మొదలైంది. టైన్ నది పక్కనున్న ఫెల్లింగ్ బొగ్గు గనిలో 1812లో జరిగిన పేలుడులో 92 మంది చనిపోయిన తరువాత, 1815లో హంఫ్రీ డేవీ, జార్జ్ స్టీఫెన్‌సన్ వేర్వేరుగా గనుల కోసం భద్రతా దీపాలు తయారు చేశారు. వాటిలోనూ మంట ఉండేది, మంటకూ గని వాయువుకూ మధ్య అడ్డు ఒక్కటే ఉండేది. మంటే లేని దీపం స్వాన్ చేతికి రాగానే, 1880లలో ఆయన దాన్ని తిరిగి నింపుకోగల సెల్లుతో జోడించి గని కార్మికుల చేతిదీపంగా మార్చే ప్రయత్నం చేశాడు. ఆనాటి సెల్లులు సీసపు పలకలతో, ఆమ్లంతో బరువుగా ఉండడం ఆ ప్రయత్నానికి పెద్ద ఆటంకం. ఇంట్లో వాడే డ్రైసెల్ టార్చిలైటు ఆ శతాబ్దం చివరిదాకా రాలేదు.

క్రాగ్‌సైడ్‌లో మాత్రం విస్తరణ నీటి వైపే సాగింది. ఆరు అశ్వశక్తి చాలకపోవడంతో 1886లో బర్న్‌ఫుట్ దగ్గర మరింత ఎత్తు నుంచి నీరు దిగే పెద్ద విద్యుత్ కేంద్రం కట్టారు. నీళ్లు తగ్గిన రోజుల కోసం తరువాత ఒక గ్యాసు ఇంజన్ కూడా చేర్చారు. 1977లో ఇల్లు నేషనల్ ట్రస్టు అధీనంలోకి వచ్చింది. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర 17 మీటర్ల పొడవైన ఆర్కిమెడిస్ మర బిగించాక, ఇంటి దీపాలకు మళ్లీ వాగునీటి కరెంటు అందింది.

ఇక ‘తొలి ఇల్లు’ అన్న వాదన సంగతి. అమెరికాలో ఎడిసన్ 1879 చివరికే మెన్లో పార్కులో తన ప్రయోగశాల పక్కనున్న ఇళ్లలో బల్బులు వెలిగించాడు. స్వాన్ కూడా గేట్స్‌హెడ్‌లోని తన ఇంట్లో తన దీపాలు వాడుకున్నాడు. కాబట్టి విద్యుద్దీపం వెలిగిన తొలి ఇల్లు క్రాగ్‌సైడ్ అని బోర్డు రాస్తే తప్పవుతుంది, జలవిద్యుత్తుతో అని చేర్చితే నిలుస్తుంది. రాత్‌బరీలో ఆ ఒక్క మాటను తరచూ వదిలేస్తారు. కూజాల విషయంలో అటువంటి పేచీ లేదు: అవి ఎక్కడ ఉండేవో, ఎలా పనిచేసేవో యజమానే తేదీ వేసి పత్రికకు రాసిపెట్టాడు, ఆ వర్ణనలో తానే మొదటివాడినని మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు.